36 లక్షలా, 50 లక్షలా? శబరి ఒడ్డున పోలవరం లెక్కలు

ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా దక్షిణపు కొసన ఉన్న మోటు దగ్గర శబరిలో సీలేరు కలుస్తుంది. శబరి ఆవలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్, సీలేరు దాటితే ఆంధ్రప్రదేశ్. ఇక్కడి తెలుగువాళ్లు, కోయలు వానాకాలంలో తమ ఊరి వాన కంటే భద్రాచలం నీటిమట్టాన్నే ఎక్కువగా కనిపెట్టి చూస్తారు. దానికి కారణముంది. శబరి వెళ్లి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఉరకలేస్తున్నప్పుడు ఆ నీటిని లోపలికి రానివ్వదు. ఎగపోటు మొదలై శబరి వెనక్కి తన్నుతుంది. దిగువన గోదావరి మీది పోలవరం ఆనకట్టకు పునాది పడకముందు నుంచీ ఉన్న బాధ ఇది. ఆనకట్ట వల్ల అది ఎంత పెరుగుతుందన్నదే తగవు.

తగవంతా రెండు అంకెల చుట్టూ తిరుగుతోంది. ఒకటి 150 అడుగులు, రెండోది 36 లక్షల క్యూసెక్కులు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ గోదావరి నీళ్ల పంపకంపై 1980లో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 2న ఆంధ్రప్రదేశ్, ఒడిశా, అప్పటి మధ్యప్రదేశ్ పోలవరంపై ఒప్పందం చేసుకున్నాయి. జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 150 అడుగులు, స్పిల్‌వే, అంటే వరద నీటిని కిందికి వదిలే గేట్ల కట్టడం, 36 లక్షల క్యూసెక్కుల వరదను వదలాలి అన్నది అప్పటి లెక్క. ఇప్పుడు పత్రికల్లో కనిపించే 45.72 మీటర్లు కొత్త అంకె కాదు, ఆ 150 అడుగులే. మొదటి దశకు చెబుతున్న 41.15 మీటర్లు కూడా అలాగే 135 అడుగులు. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర ఇచ్చే మూడు హెచ్చరికలకూ ఈ 150కీ పోలిక లేదు. అవి అక్కడి కొలబద్దపై చదివే అంకెలు, ఇది సముద్రమట్టం నుంచి కొలిచేది. ఈ రెండింటినీ కలిపేసి భయపడేవాళ్లూ ఉన్నారు, ధైర్యం చెప్పేవాళ్లూ ఉన్నారు.

36 లక్షలంటే ఎంతో ఊహకు అందదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 36 లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు పారితే 311 టీఎంసీలవుతాయి (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పోలవరం నిండా పట్టేది 194.6 టీఎంసీలే. అంత వరద వస్తే ఖాళీ జలాశయం కూడా పదిహేను గంటల్లో నిండిపోతుంది. అందుకే పెద్ద వరద రోజుల్లో ఆనకట్ట నీళ్లను దాచేది కాదు, దారి ఇచ్చేది మాత్రమే.

ఒప్పందం జరిగిన ఆరేళ్లకే, 1986 ఆగస్టులో, గోదావరి ఆ అంకెను దాదాపు అందుకుంది. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఎన్నడూ రాదనుకున్న వరద కళ్లముందే వచ్చి పోయాక పాత లెక్కపై నమ్మకం సడలడం సహజం. పరీవాహకంలో కురవగల అత్యధిక వాననంతా లెక్కగట్టి తేల్చే అంకెను గరిష్ఠ సంభావ్య వరద అంటారు. ఆ లెక్కన 2006లో కేంద్ర జల సంఘం స్పిల్‌వే సామర్థ్యాన్ని 50 లక్షల క్యూసెక్కులకు పెంచాలంది. ఇప్పుడున్న 48 గేట్ల స్పిల్‌వే అందుకు తగ్గట్టు కట్టినదే.

అసలు చిక్కు ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ మాట: మట్టం 150 అడుగులే, మారలేదు. గుమ్మం వెడల్పు చేస్తే ఇంట్లో నీళ్లు పెరగవు కదా, తొందరగా పోతాయి. ఒడిశా మాట: 50 లక్షలు రావచ్చని మీరే ఒప్పుకున్నారు కాబట్టి, ఎగువన మా ఊళ్లలో నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో కూడా ఆ 50 లక్షలకే లెక్కగట్టాలి. నాకు రెండు వాదనలూ సబబుగానే తోస్తాయి, ఎందుకంటే అవి ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఒకటి ఆనకట్ట దగ్గరి మట్టం గురించి, మరొకటి అక్కడి నుంచి ఎన్నో మైళ్ల ఎగువ మట్టం గురించి. వరదలో జలాశయం పళ్లెంలా చదునుగా ఉండదు. ప్రవాహం పెరిగేకొద్దీ ఎగువ కొస పైకి లేస్తుంది, ఎగపోటు ముంపు తగిలేది అక్కడే. ఒడిశా 2007లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు నమోదైనప్పుడు మోటు వైపు పాత భయం మళ్లీ తలెత్తింది.

ముంపు భూములకు పరిహారం వద్దనుకుంటే రక్షణ కట్టలు కట్టించుకునే వీలు 1980 నాటి ఏర్పాట్లలోనే ఉంది. ఒడిశా వైపు శబరి, సీలేరు వెంట అనుకున్న కట్టల పొడవు సుమారు 30 కిలోమీటర్లు. ఎత్తు ఎంతన్నది 36 లక్షలకా 50 లక్షలకా అన్నదానిపై ఆధారపడుతుంది. కట్ట లేచాక మరో పని పడుతుంది. లోపల కురిసిన వాన నదిలోకి పోవడానికి తూములు కావాలి. నది నిండుగా ఉన్నన్నాళ్లూ వాటి తలుపులు మూసే ఉంచాలి. అప్పుడు పొలాల్లో నిలిచే నీళ్లను తోడిపోసే ఏర్పాటు ఎవరి ఖర్చుతో అన్నది మరో లెక్క.