రోజూ చూసే మనిషి మాట

"ఈ ఆవు గుణం ఎట్లాంటిది?" చిత్తూరు జిల్లాలో పాడి ఆవును కొనేటప్పుడు పాల లెక్కతో పాటు అడిగే ప్రశ్న ఇది. తన్నుతుందా, కొత్త మనిషిని దగ్గరికి రానిస్తుందా, మిగతా వాటితో కలిసి ఉంటుందా అంటే అమ్మే రైతు తడుముకోకుండా చెబుతాడు. రెండు పూటలా పాలు పితికే చెయ్యి ఆయనది.

ఇలాంటి ఎరుకను శాస్త్రం చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. జేన్ గూడాల్ 1960లో టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లి చింపాంజీలకు పేర్లు పెట్టింది. ఒక్కోదాని స్వభావం గురించి విడిగా రాసింది. తర్వాత కేంబ్రిడ్జిలో చేరినప్పుడు, పేర్లు కాదు నంబర్లు ఇవ్వాలనీ, జంతువులకు వ్యక్తిత్వం అంటగట్టకూడదనీ పెద్దలు ఆమెకు చెప్పారు. ఆమె వినలేదు. వినకపోవడమే మేలైంది.

1997లో కింగ్, ఫిగరెడో అనే ఇద్దరు పరిశోధకులు జూలలోని 100 చింపాంజీల స్వభావాన్ని కొలిచారు. వాళ్లు వాడిన సాధనం చాలా సాదా. పిరికిది, మొండిది, ఆటలంటే ఇష్టపడేది, సాటివాటి పట్ల దయగలది లాంటి 43 గుణాల పట్టిక తయారుచేసి, ఒక్కోదానికి చిన్న వివరణ రాసి, ఆ జంతువును రోజూ చూసే వాళ్ల చేతికి ఇచ్చారు. ఒక్కో గుణానికి 1 నుంచి 7 వరకు మార్కులు వేయాలి. ఒకరితో ఒకరు చర్చించుకోకూడదు. విడివిడిగా వేసినా మార్కులు చాలావరకు కలిశాయి. మనుషుల్లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పే ఐదు ప్రధాన గుణాలూ అందులో తేలాయి, వాటికి తోడు పెత్తనం అనే ఆరోదీ బయటపడింది.

సంరక్షకులు తమ మనసులోని భావాలనే జంతువుకు పులుముతున్నారేమో? సహేతుకమైన అనుమానమే. దానికి గట్టి జవాబు చావు లెక్కల్లో దొరికింది. ఉత్తర అమెరికాలోని 298 గొరిల్లాలకు ఇలాగే మార్కులు వేయించి, 18 ఏళ్లపాటు వాటి జీవితాలను గమనించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. నలుగురిలో చురుగ్గా కలివిడిగా తిరిగే గొరిల్లాలు ఎక్కువకాలం బతికాయి. పెత్తనానికీ, కంగారు స్వభావానికీ ఆయుష్షుతో సంబంధం కనిపించలేదు. 2018లో 538 చింపాంజీల మీద వచ్చిన అధ్యయనంలో లెక్క మారింది. అక్కడ సౌమ్యంగా, సర్దుకుపోయే స్వభావం ఉన్న మగవి ఎక్కువకాలం బతికాయి. ఏ జాతి సమాజం ఎలాంటిదో దాన్ని బట్టి ఏ గుణం కాపాడుతుందో మారుతుందని నాకనిపిస్తుంది. స్వభావమే ఆయుష్షును పెంచిందని దీన్నిబట్టి తేల్చలేం. కానీ కీపర్ వేసిన మార్కు ఉత్త ఊహే అయితే, అన్నేళ్ల తర్వాత జరిగే చావుతో దానికి పొంతన కుదిరేది కాదు.

జూలలో పెరిగే గొరిల్లాలను, చింపాంజీలను ఎక్కువగా చంపుతున్నది గుండెజబ్బు. మనకు రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని పూడుకుపోతే, వాటికి గుండె కండరమే నారలా గట్టిపడిపోతుంది. జబ్బును ముందే పట్టాలంటే స్కాన్ తీయాలి. మత్తు ఇస్తే గుండెకు ప్రమాదం. అందుకని కొన్ని జూలలో కీపర్లు ఓపిగ్గా నేర్పి, గొరిల్లా తనంతట తానే వచ్చి జాలీకి ఛాతీ ఆనించి నిలబడేలా చేశారు. అవతలి నుంచి అల్ట్రాసౌండ్ పరికరం పెడతారు. తనకు నమ్మకమున్న మనిషి ఎదురుగా ఉంటే తప్ప అంత పెద్ద జంతువు అలా నిలబడదు.

తిండి సంగతి ఇంకా ఆశ్చర్యం. అమెరికాలోని క్లీవ్‌లాండ్ జూలో రెండు మగ గొరిల్లాలకు, పోషకాలన్నీ కలిపి తయారుచేసిన బిస్కెట్లు మానిపించి, బుట్టల కొద్దీ ఆకులు, ఆల్ఫాల్ఫా గడ్డి, బీన్స్ పెట్టారు. కేలరీలు దాదాపు రెట్టింపయ్యాయి. అయినా ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటి దాదాపు 30 కిలోలు తగ్గింది. తిన్నది కక్కుకుని మళ్లీ తినే అలవాటు జూ గొరిల్లాల్లో మామూలు. అదీ పోయింది. అడవిలో లాగే రోజులో సగం సేపు తినడంలోనే గడిచిపోతోంది మరి.

ఇది చదివాక, భక్తులు కోతులకు బిస్కెట్లు పెట్టే అలిపిరి మెట్లదారి గుర్తురాకుండా ఉంటుందా? మన కొండ కోతులు వేరే వర్గం, వాటికి తోక ఉంది, గొరిల్లాలకు లేదు. కానీ బిస్కెట్ బిస్కెట్టే. ఆంజనేయస్వామి రూపమని భక్తితో పెట్టేవాళ్లను నేను తప్పుపట్టను. శేషాచలం అడవిలో వాటికి కావలసిన ఆకులూ కాయలూ ఉన్నాయని మాత్రం చెబుతాను. దగ్గరికి పోవడంలోనే ఇంకో ముప్పు ఉంది. ఉగాండాలోని కిబాలే అడవిలో 2013లో, మనకు మామూలు జలుబు తెచ్చే రకం వైరస్ సోకి, 56 చింపాంజీల గుంపులో 5 చనిపోయాయి.

తిరుపతిలోని ఎస్వీ జూలో గొరిల్లాలు లేవు. చూడాలంటే మైసూరు పోవాలి, 2021లో జర్మనీ నుంచి రెండు వచ్చాయక్కడికి. అయితే ఈ పద్ధతి గొరిల్లాలతో ఆగిపోలేదు. మయన్మార్‌లో కలప మోసే 250కి పైగా ఏనుగులకు మావటీల చేతే స్వభావపు మార్కులు వేయించారు. పలమనేరు దగ్గర మనకూ కుంకీ ఏనుగుల, అంటే అడవి ఏనుగులను తరమడానికి మచ్చిక చేసి తర్ఫీదిచ్చిన ఏనుగుల, శిబిరం ఉంది. ఏ కుంకీ అడవి మందకు ఎదురు నిలుస్తుందో, ఏది బెదిరి వెనక్కి తిరుగుతుందో అక్కడి మావటీలకు తెలుసు. ఎస్వీ జూ కీపర్లకూ తమ పులుల గురించి, ఎలుగుల గురించి అంత బాగానూ తెలుసు. తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఆ 43 గుణాల పట్టికను తెలుగులో అచ్చేసి, వాళ్ల చేతికి ఒక పెన్ను ఇస్తే పని మొదలవుతుంది.