అపోహలు - వాస్తవాలు: "వాన ఇంకా పడలేదు కదా!"

తెరచాప పడవ నడపడం నేర్పుతుంటాను. ఉరుము వినపడి "ఇక ఒడ్డుకు పదండి" అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు: "వాన ఇంకా పడలేదు కదా, ఒక్క రౌండ్ వేసొస్తాం!" ప్రాణం మీదికి తెచ్చే అపోహ ఇదే.

పిడుగు వాన కోసం ఆగదు. మేఘానికి 10, 15 కిలోమీటర్ల అవతల, నెత్తిన ఎండ కాస్తుండగానే పడగలదు. ఉరుము చెవిన పడిందంటే దాని అందుబాటులో ఉన్నట్టే. మెరుపు తర్వాత ఉరుముకు పట్టే ప్రతి 3 సెకన్లకూ ఒక కిలోమీటరు. 30 సెకన్లంటే 10 కిలోమీటర్లు, చాలా దూరం అనిపిస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మేఘానికి అది 15 నిమిషాల దారి. మీకు ఒడ్డు ఎన్ని నిమిషాలు? పైగా ఉరుముల వానకు ముందు గాలి ఒక్కోసారి చప్పున పడిపోతుంది. తెరచాప వేలాడిపోయాక తెడ్డే గతి.

ఈ లెక్క నేనూ ఒకసారి తప్పాను. ఇద్దరు పిల్లలతో నీళ్ల మధ్యలో ఉండగా గాలి ఆగిపోయింది. మాస్ట్‌ను (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) పట్టి ఉంచే తీగలు తుమ్మెదల్లా జుమ్మనడం మొదలైంది. పిడుగు పొంచి ఉందనడానికి గుర్తు అది. ఇనుము దేన్నీ ముట్టుకోకుండా పడవ అడుగున ముడుచుకు కూర్చున్నాం. ఆ పూట పిడుగు పడలేదు, అంతే. అందులో నా తెలివేమీ లేదు.

"ఫైబర్ పడవ కదా, కరెంటు పాకదు" అంటారు. పాకదు కాబట్టే చిక్కు. మాస్ట్ మీద పడిన పిడుగు నీళ్లలోకి దారి వెతుక్కుంటూ పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. అందుకే పెద్ద పడవల్లో మాస్ట్ నుంచి నీళ్లలోని రాగి పలకదాకా లావుపాటి తీగ వేస్తారు. చిన్న పడవకు అవేవీ ఉండవు, దాక్కోవడానికి క్యాబిన్ కూడా ఉండదు. ఒడ్డే దిక్కు. ఒడ్డంటే చెట్టు కింద కాదు. గోడలున్న భవనం, లేదా అద్దాలు ఎత్తిన కారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు అక్కడే.

మాస్ట్ ఉందనే భయంతో పడవే ఎక్కనివాళ్లూ ఉన్నారు, పాపం. మాస్ట్ ఎక్కడో ఉన్న పిడుగును లాక్కురాదు. పిడుగు అక్కడే పడేటట్టుంటే మాత్రం చుట్టుపక్కల ఎత్తయింది అదే. ఉరుములు లేని రోజున హాయిగా రండి.

ఇంకొకటి: పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందంటారు. కొట్టదు, ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టండి.