బోదకాలు పురుగు కడుపులో ఇంకో ప్రాణి

కూవం, బకింగ్‌హామ్ కాలువ, మూత సరిగా పడని సెప్టిక్ ట్యాంకులు. మురికినీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమకు చెన్నైలో చోటుకేం తక్కువ? బోదకాలు పురుగును మోసేది అదే. వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట తెలుగు ఇళ్లలోనూ, శ్రీకాకుళం నుంచి తాపీపనికి వచ్చినవాళ్లలోనూ ఈ జబ్బు పేరు తెలియనివాళ్లు తక్కువ. ఏటా మాత్రలు మింగినా పురుగు ఎందుకు చావదన్నదే వాళ్ల అనుమానం.

న్యాయమైన అనుమానమే. 1947 నుంచి వాడుకలో ఉన్న డీఈసీ (డైఇథైల్ కార్బమజైన్) మాత్ర, రక్తంలో తిరిగే పిల్లపురుగులను బాగానే తుడిచిపెడుతుంది. లింఫు నాళాల్లో, అంటే ఒంట్లో ఊటనీరు పారే సన్నని గొట్టాల్లో, ఏళ్ల తరబడి తిష్ఠవేసే పెద్ద పురుగుల్లో మాత్రం కొన్నే చస్తాయి. మిగిలినవి మళ్లీ పిల్లల్ని పెడతాయి.

1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ పురుగుల చర్మం అడుగునా, ఆడపురుగు అండాల్లోనూ బ్యాక్టీరియా కనిపించింది. దాదాపు ఇరవై ఏళ్లు దాని జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. 1990లలో డీఎన్ఏ చూస్తే తేలింది: అది వోల్బాకియా. హెర్టిగ్, వోల్బాక్ అనే శాస్త్రవేత్తలు 1924లోనే చూసిన సూక్ష్మజీవి. అదీ ఎక్కడ? క్యూలెక్స్ దోమలోనే!

ఇది పురుగుకు చీడ కాదు, కాపురం పంచుకునే తోడు. 2005లో దాని జన్యువులు చదివాక, హీమ్, రైబోఫ్లేవిన్ లాంటి బతకడానికి కావలసిన పదార్థాలు పురుగుకు అదే చేసిపెడుతుండవచ్చని తెలిసింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రోజుకు 200 మిల్లీగ్రాములు, 4 నుంచి 6 వారాలు ఇస్తే ముందు బ్యాక్టీరియా పోతుంది. తర్వాత ఆడపురుగు గొడ్డుబోతుంది. ఏడాదీ, ఆపైనా గడిచేసరికి పెద్ద పురుగులూ చాలావరకు చస్తాయి. ఆఫ్రికాలో కంట్లో పాకే లోవా లోవా పురుగులో వోల్బాకియా లేదు. దాని మీద ఈ మందు ఈ దారిలో పనిచేయదు.

మరి ఊరందరికీ ఎందుకు పంచరు? అన్ని వారాలు రోజూ మింగించడం మాటలు కాదు. గర్భిణులకూ, 8 ఏళ్లలోపు పిల్లలకూ ఇవ్వరు. పాలతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, మింగి వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండు కావచ్చు. 2018లో మన దేశంలో మొదలైన మూడు మందుల కోర్సులోనూ డీఈసీ, ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ మాత్రమే ఉన్నాయి.

డాక్సీ కోర్సు పూర్తయిన నెలకే రక్తంలో పిల్లపురుగులు కనిపించాయంటే మందు ఓడిపోయిందని కాదు. అవి అంతకుముందు పుట్టినవి కావచ్చు, కొన్ని నెలలకుగానీ పోవు. పరీక్షకు రక్తం రాత్రి 8:30 దాటాకే తీయాలి. పగలు అవి రక్తంలో పెద్దగా తిరగవు. ఉన్నా లేవనే రిపోర్టు వస్తుంది.