స్టూడియో మూసేస్తున్నారు, సరుకు వేలం: అపోహలు - వాస్తవాలు

ఏదో ఒక రికార్డింగ్ స్టూడియో మూతపడుతుంది. వారం తిరక్కుండానే లాట్ల (వేలానికి విడివిడిగా పెట్టే సరుకు) జాబితా వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. వెంటనే నాకు ఫోన్లు మొదలు: "అన్నా, ఆ మిక్సర్ ఎంతదాకా పాడొచ్చు?" యాంపుల రిపేరు, స్టూడియో వైరింగు నా బతుకుదెరువు కాబట్టి అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామంది సరుకు మొహం చూసి ఉండరు. ముందు సరుకు చూపించే రోజు వెళ్లిరండి, తర్వాత మాట్లాడదాం అంటాను. లాభమో నష్టమో తేలిపోయేది ఆ రోజే. వేలం పాట రోజు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అపోహ: మూసేసేవాడు అయినకాడికి అమ్ముకుంటాడు, చవగ్గా కొట్టేయొచ్చు.

మూసేసేవాడికి తొందర ఉండొచ్చు. కానీ హాల్లో కూర్చున్న సెకండ్‌హ్యాండ్ వ్యాపారులకు ఏ తొందరా ఉండదు, ప్రతి వస్తువు ధరా వాళ్లకు కంఠతా వచ్చు. పైగా పాడిన ధర మీరు కట్టే ధర కాదు. 40,000కు ఒక యాంప్లిఫయర్ మీ పేర కొట్టేశారనుకోండి. జీఎస్టీ 18 శాతం అంటే 7,200. వేలం కంపెనీ కమీషను 10 శాతం పెట్టుకుంటే మరో 4,000. అప్పటికే 51,200. విప్పించడం, ఆటో ట్రాలీ, హమాలీ, ఇంటికొచ్చాక కెపాసిటర్లు మార్పించడం వేరే. ఈ లెక్క కాగితం మీద వేసుకుని, కొత్తదాని ధర పక్కన రాసుకుని వెళ్లండి. అక్కడ వేడి మీద ఎవడూ లెక్క వేయలేడు.

అపోహ: "పనిచేస్తోంది" అని జాబితాలో రాశారు, పనిచేయకపోతే వెనక్కిచ్చేస్తా.

జాబితా చివరి పేజీ చదవండి. "యథాతథ స్థితిలో, ఉన్నచోటే" అనే షరతు దాదాపు ప్రతి వేలంలోనూ ఉంటుంది. వారంటీ లేదు, వాపసు లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలందారు సుత్తి పడగానే అమ్మకం పూర్తయినట్టే. సుత్తి పడేలోపు పాట వెనక్కి తీసుకునే హక్కు మీకుంది, ఆ తర్వాత లేదు. ఆన్‌లైన్ వేలాల్లో ఈ విషయంలో వాళ్ల సొంత షరతులు ఉంటాయి, పాడి వెనక్కి తగ్గి ధరావతు పోగొట్టుకునేది అక్కడే. సరుకు మీ సొంతమయ్యాక, వేరే ఒప్పందం లేకపోతే, దాని మంచిచెడ్డలూ మీవే. వాళ్ల గోడౌన్‌లో ఉండగానే వాన నీళ్లు దిగినా సరే. అందుకే ఎన్ని రోజుల్లో ఎత్తుకుపోవాలో, దాటితే రోజుకెంత అద్దె వేస్తారో ముందే అడగాలి.

ధర పెంచడానికి యజమాని మనుషులే పాడతారన్న అనుమానం అందరికీ ఉంటుంది. అది ఊరికే పుట్టిన అనుమానం కాదు. అమ్మేవాడు తానూ పాడతానని ముందే ప్రకటించకుండా తనవాళ్లతో పాడించడం అదే సెక్షన్ ప్రకారం చెల్లదు. దొంగపాటతో ధర పెంచారని తేలితే కొన్నవాడు అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు కూడా. తేల్చడమే కష్టం.

ఇంకొకటి. స్టూడియోలో ఉన్నవన్నీ స్టూడియోవే కావు. కొన్ని అద్దెకు తెచ్చినవి, కొన్ని బ్యాంకుకు తాకట్టులో ఉన్నవి, కొన్ని ఎవరో వాద్యకారుడు వదిలేసి వెళ్లినవి. అమ్మేవాడికి లేని హక్కు మీకు రాదు. సీరియల్ నంబర్లతో సహా బిల్లు ఇస్తారా అని అడగండి. నీళ్లు నమిలితే ఆ లాట్ వదిలేయండి.

అపోహ: స్విచ్ వేస్తే లైటు వెలిగింది, ఇంకేం చూడాలి?

లైటు వెలిగితే లైటు బాగుందని అర్థం, అంతే.

చాలాకాలం మూలన పడున్న యాంప్లిఫయర్‌కు నేరుగా 230 వోల్టులు ఇవ్వడమే మొదటి తప్పు. లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. మేం సిరీస్ బోర్డు పట్టుకెళ్తాం: ఒక చెక్క మీద హోల్డరు, 100 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బు, ఒక సాకెట్టు. కరెంటు బల్బులోంచి దాటాకే యాంపులోకి వెళ్తుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి భగ్గుమని, రెండు మూడు క్షణాల్లో మసకబారి ఎర్రటి తీగలా మిగిలిందంటే ఫర్వాలేదు. అలాగే ఫుల్లుగా వెలుగుతూనే ఉందంటే లోపల షార్టు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయి ఉండొచ్చు, ట్రాన్స్‌ఫార్మరే పోయి ఉండొచ్చు. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు. ఎస్ఎంపీఎస్ (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు స్విచింగ్ పవర్ సప్లై) ఉన్న కొత్తరకం తేలికపాటి యాంపులకూ సరిగ్గా కుదరదు.

బల్బు పరీక్ష దాటితే, స్పీకరు తగిలించకముందే మల్టీమీటరు తీయండి. అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య డీసీ చూస్తే పదుల మిల్లీవోల్టులకు మించకూడదు. వోల్టుల్లో చూపిస్తే ఆ యాంపు మీ స్పీకరు కాయిల్‌ను కాల్చేస్తుంది.

స్పీకర్లకు కరెంటు కూడా అక్కర్లేదు. 8 ఓమ్‌ల డ్రైవరు (బాక్సు లోపలి స్పీకరు) మీటరులో ఇంచుమించు 6 చూపించాలి. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టే. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టండి. గీసినట్టు చప్పుడు వస్తే కాయిల్ రుద్దుకుంటోంది. అంచున ఫోమ్ ఉంటే వేలితో తాకి చూడండి. మన ఉక్కపోతకు పదీ పదిహేనేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. అంచు మార్పించుకోవచ్చు, రీకోనింగూ (కోన్, కాయిల్ కొత్తవి వేయించడం) చేయించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు పాడే ధరలోంచి తగ్గించుకోవాలి. తెల్ల కోన్ యమహా ఎన్ఎస్10 స్టూడియో స్పీకర్ల మీద మోజుపడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. వాటి తయారీ 2001లోనే ఆగిపోయింది. జతలో రెండు ఊఫర్లూ అసలువేనా అన్నది చూడకుండా "స్టూడియో స్టాండర్డ్" అని ఎగబడకూడదు.

కీబోర్డులైతే కింది నుంచి పైదాకా ప్రతి కీ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గట్టిగా వాయించండి. కొన్ని కీలు మాత్రమే గట్టిగా మోగుతున్నాయంటే కింద రబ్బరు కాంటాక్టుల పని ఉంది. 1988 నాటి కోర్గ్ ఎం1 లాంటివి ఆన్ చేయగానే బ్యాటరీ హెచ్చరిక చూపిస్తే భయపడొద్దు. లోపలి నాణెం బ్యాటరీ అయిపోతే ప్యాచ్‌లు (దాచుకున్న ధ్వనులు) చెరిగిపోతాయి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఆ హెచ్చరిక చూసి పక్కవాడు వెనక్కి తగ్గితే మీకే మంచిది.

అపోహ: పెద్ద హిట్లు మిక్స్ అయిన కన్సోల్ (స్టూడియో పెద్ద మిక్సర్), అది బంగారం.

పాటలు హిట్టయింది కన్సోల్ వల్ల కాదని అందరికీ తెలుసు, అయినా వేలం మొదలయ్యేసరికి మర్చిపోతారు. పెద్ద అనలాగ్ కన్సోల్ అంటే చానల్‌కు పదుల కెపాసిటర్లు, అలాంటి చానళ్లు డజన్లు. అన్నీ ఒకే వయసువి, కాబట్టి దాదాపు ఒకేసారి ముసలివవుతాయి. దాని కరెంటు బిల్లు, అది పుట్టించే వేడికి ఏసీ బిల్లు, గదిలోకి ఎక్కించడానికి తలుపు పగలగొట్టడం... ఇవన్నీ భరించగల స్టూడియో ఉంటే కొనండి. ఇంట్లో పది బై పన్నెండు గదిలో పెట్టుకోవడానికి మాత్రం వద్దు. పాత డిజిటల్ మిక్సర్లు ఇంకో రకం తలనొప్పి: డిస్‌ప్లే, మోటారు ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) పోతే దొరకవు. ప్రతి ఫేడరూ కిందికీ పైకీ జరిపి కరకర వస్తుందేమో వినండి.

అపోహ: మైకు మీద షూర్ అని రాసుంది, కళ్లు మూసుకుని కొనొచ్చు.

షూర్ ఎస్ఎం58 వచ్చింది 1966లో. అది ఎంత పేరున్న మైకో దానికి అన్ని నకిలీలు. స్టూడియో వేలంలో నకిలీ ఎందుకుంటుంది అంటారా? అసలు మైకులు యజమాని ఎప్పుడో ఇంటికి తీసుకుపోయి ఉండొచ్చు. జేబులో పట్టే చిన్న డిజిటల్ తూకం ఒకటి ఉంచుకోండి. అసలుది కేబుల్ లేకుండా 298 గ్రాములు. నకిలీ చాలాసార్లు తేలిగ్గా తూగుతుంది, ఎందుకంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టరు. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, తేడా వస్తే మాత్రం ఆలోచించే పనిలేదు. కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్‌లోంచే వెళ్లే కరెంటు) ఇచ్చి, హెడ్‌ఫోన్‌లో వినకుండా వేలంలో పాడకండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో తేమ పట్టిన క్యాప్సూల్ (మైకులో ధ్వని పట్టే భాగం) చిటపటలాడుతుంది.

అపోహ: అమెరికా సరుకైతే ఇంకా మేలు.

110 వోల్టుల యాంపును మన ప్లగ్గులో పెడితే మేలు సంగతి అప్పుడు తెలుస్తుంది. వెనక వోల్టేజి సెలెక్టర్ ఉందా, లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధర కలుపుకోండి. వైర్‌లెస్ మైకులతో మరీ చిక్కు. 2022లో జియో దేశమంతటా కొన్న 700 మెగాహెర్ట్జ్ బ్యాండు 703-748, 758-803 మధ్య నడుస్తుంది. పాత సెట్ల వెనక రాసిన ఫ్రీక్వెన్సీ ఆ మధ్యలో పడితే ఫోను సిగ్నలు అడ్డం వస్తుంది, కొనడానికి వేలంలో అంతకన్నా మంచి సరుకే ఉంటుంది.

ఊరేగింపు డీజే బాక్సుల గురించి ఒక్క ముక్క: 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పెద్ద బేస్ బాక్సులు చవగ్గా కనిపిస్తే ముందు వాటికి పని ఎక్కడ దొరుకుతుందో చూసుకోండి.

అపోహ: వాద్యాలు పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది.

పనస కొయ్య పాతబడితే మంచిదే, కానీ వాద్యమంటే కొయ్య ఒక్కటే కాదు. వీణలో 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. ఏసీ ఆపేసిన స్టూడియోలో ఒక్క వేసవి గడిస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, మేళం (మెట్ల వరస) మళ్లీ కట్టించాలి. అది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి లాంటి చోట్ల ఉన్న పనివాళ్లకే తెలిసిన విద్య. మెట్లు కదిలిన వీణను వదలక్కర్లేదు. కుండకూ దండికీ (మెడకూ) మధ్య పగులు ఉంటే మాత్రం వదిలేయాలి. మృదంగానికి తోళ్లు ఎలాగూ మారుస్తారు, కాబట్టి కొయ్యలో పగుళ్లు, పురుగు రంధ్రాలు చూడండి. హార్మోనియంకు తిత్తి నింపి, ఏ మెట్టూ నొక్కకుండా ఎంతసేపట్లో గాలి దిగిపోతుందో గమనించండి.

పాత వీణల మీద తెల్లటి నగిషీ, పాత పియానోల తెల్ల కీలు ఏనుగు దంతం కావచ్చు. దుప్పి కొమ్ముతో చేసిన పనితనమూ ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటి అమ్మకం, కొనుగోలు నేరం. "తాతల నాటిది సార్" అన్న మాట అక్కడ పనికిరాదు.

అపోహ: కంప్యూటరూ టేపులూ కొంటే అందులో ఉన్నవీ మనవే.

సాఫ్ట్‌వేర్ లైసెన్సు యజమాని ఖాతాలో ఉంటుంది. ఖాతా నుంచి బదిలీ చేయించకపోతే, ఐలాక్ డాంగిల్ (లైసెన్సు ఉండే యూఎస్‌బీ తాళం) మీ చేతిలో ఉన్నా ఆ లైసెన్సు మీది కాదు. టేపులదీ హార్డ్‌డిస్కులదీ అంతకన్నా పెద్ద సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ కావాలి. సౌండ్ రికార్డింగుపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మీరు కొన్నది రీలు మాత్రమే, అందులోని పాటను యూట్యూబ్‌లో పెట్టే హక్కు కాదు. డిస్కుల్లో ఎవరివో విడుదల కాని గొంతులు ఉంటే వాళ్లకు కబురు పెట్టి ఇచ్చేయడం మర్యాద.

అపోహ: చిన్నాచితకా లాట్ల కోసం చివరిదాకా కూర్చోవడం టైం దండగ.

నా మట్టుకు నేను అందుకోసమే వెళ్తాను. కన్సోలూ పేరున్న మైకులూ అయిపోగానే సగం హాలు ఖాళీ అవుతుంది. మైకు స్టాండ్లు, ఫ్లైట్ కేసులు (సామాను మోసే గట్టి పెట్టెలు), ప్యాచ్‌బేలు (కేబుళ్లు కలిపే ప్యానెళ్లు), అట్టపెట్టెల నిండా కేబుళ్లు ఆ తర్వాత వస్తాయి. వీటిలో పాడయ్యే ఎలక్ట్రానిక్స్ లేవు. మంచి ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్లున్న కేబుల్ తెగినా రెండు నిమిషాల్లో టంకం పెట్టుకోవచ్చు. కొత్తగా కొనాలంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్కో కనెక్టరు ధర అడిగి చూడండి. స్టాండ్లు కొనేముందు ఒక్కటే పరీక్ష: బూమ్‌ను (స్టాండు పై కడ్డీని) అడ్డంగా బిగించి, చివర ఒక మైకు తగిలించి ఓ ఐదు నిమిషాలు వదిలేయండి. జారితే క్లచ్ వాషరు అరిగినట్టు. పది స్టాండ్లలో నాలుగు జారినా కొనొచ్చు, వాషర్లు పది రూపాయల పని.