రోమన్ కాంక్రీటు: తెల్ల పలుకుల తగువు

ఇటలీలోని పురాతన రోమన్ నగరం పాంపేలో మరమ్మతులు సాగుతుండగా క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన ఒక ఇంట్లో, నీళ్లు కలపని గచ్చు మిశ్రమం కుప్పలుగా దొరికింది. అందులో పొడి సున్నం (కాల్చాక ఇంకా నీళ్లతో తడపని సున్నం), అగ్నిపర్వత బూడిద ఉన్నాయని 2025 డిసెంబరులో పరిశోధన పత్రం వెలువడగానే, సున్నాన్ని ముందే తడపాలని పురాతన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పింది తప్పంటూ వార్తలు గుప్పుమన్నాయి.

తగువు ముదిరింది 2023 జనవరిలో. రోమన్ గచ్చులో కనిపించే మిల్లీమీటర్ల సైజు తెల్ల సున్నపు పలుకులను అంతకుముందు చాలామంది సరిగా కలపకపోవడం వల్ల మిగిలినవనే అనుకున్నారు. ఇటలీలోని పురాతన పట్టణం ప్రివెర్నమ్ గోడ ముక్కలను పరీక్షించిన అమెరికా విశ్వవిద్యాలయం ఎం.ఐ.టి. బృందం మాత్రం పొడి సున్నాన్నే బూడిదతో కలిపి నీళ్లు పోశారని, సున్నానికి నీరు తగిలి పుట్టిన వేడిలోనే పలుకులు మిగిలాయని వాదించింది. తర్వాత గోడ పగిలితే ఆ పగులు పలుకు గుండా పోతుంది. నీరు చేరితే కాల్షియం కరిగి, కాల్సైటు అనే సున్నపు ఖనిజంగా పేరుకుని పగులును పూడుస్తుంది. వాళ్లు పోసిన నమూనాల్లో పగుళ్లు రెండు వారాల్లో మూసుకున్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే విట్రూవియస్ ఏమన్నాడో కూడా చూడాలి. తడిపిన సున్నం ఒక పాలుకు నేలలోంచి తవ్విన ఇసుక మూడు పాళ్లు, ఏటి ఇసుకైతే రెండు. సముద్రంలో కట్టేటప్పుడు సున్నం ఒకటికి బూడిద రెండు. పూతకు వాడే సున్నం చాలా ముందే తడిపి నానబెట్టాలని విడిగా హెచ్చరించాడు. కారణం మేస్త్రీలకు తెలిసిందే: తడవని పలుకు పూతలో మిగిలితే తర్వాత చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, పైపొర పొక్కి ఊడుతుంది. దళసరి గోడ లోపల పనికొచ్చిన పలుకే పూతలో చేటు. ఒక ఇంట్లోని కుప్పలు గోడపని గురించి చెబుతాయి, ఆయన రాసిందంతా కొట్టేయవు.

పైగా మన్నికంతా పలుకులదే కాదు. రేవు కట్టడాల్లో సముద్రపు నీరు బూడిదతో చర్య జరిపి ఫిలిప్‌సైట్, అల్యూమినియం టోబర్‌మొరైట్ అనే ఖనిజాల స్ఫటికాలు పెరిగి గచ్చును గట్టిపరిచాయని భూశాస్త్రవేత్త మేరీ జాక్సన్ బృందం 2017లోనే చూపింది. ఇనుప కడ్డీలు లేవు కాబట్టి తుప్పుపట్టి పగిలే బెడదా లేదు. నేటి శ్లాబుతో పోల్చేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు.

బూడిద మానేసి పొడి సున్నం, మామూలు ఇసుక వేడిగా కలిపితే రోమన్ గచ్చు రాదు. అది నీటి అడుగున బిగియదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ పైనుంచి లోపలికి నెమ్మదిగా గట్టిపడుతుంది.