షుగరు చూశారు సరే, మూత్రం చూశారా?

అనంతపురం

ప్రియమైన పిల్లలూ,

అవ్వకు ఉన్నది షుగరు కదా, డాక్టరుగారు కిడ్నీల సంగతి ఎందుకు అడిగారని మొన్న ఫోనులో అడిగారు. ఉద్యోగమంతా ఆసుపత్రి ల్యాబులోనే గడిపినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్నకు ఉత్తరమే రాయాలనిపించింది. ఇందులో మూత్రం మాట తరచుగా వస్తుంది. ముక్కు మూసుకోకుండా చదవండి.

వెన్నుకు అటూ ఇటూ, పిడికిలంత ఉంటాయి కిడ్నీలు. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల వడపోత గొట్టాలు, ప్రతి గొట్టం మొదట్లో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల చుట్ట. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం అక్కడ వడకడుతుంది. అందులో ఒకటి రెండు లీటర్లే మూత్రమవుతుంది, మిగతాదంతా తిరిగి రక్తంలోకే. మన ఊరి మే నెల ఎండలు తెలిసినవాళ్లకు ఈ పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ చుట్టల్లో ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో కిడ్నీ అవసరానికి మించి వడకడుతుంది, పైకి బాగానే పనిచేస్తున్నట్టు ఉంటుంది. పోనుపోను కళ్లు సాగిన జల్లెడలా తయారై, రక్తంలోనే ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను మూత్రంలోకి వదిలేస్తుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. కాళ్ల వాపు, ఆయాసం వచ్చేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గాజు గొట్టంలో మూత్రం పోసి దీపం మీద కాచేవాళ్లం. ప్రోటీన్ ఉంటే తెల్లగా గడ్డకట్టేది, ఎసిటిక్ ఆమ్లం చుక్కలు వేసినా కరిగేది కాదు. అలా తెల్లబడిందంటే జబ్బు అప్పటికే ముదిరిందన్నమాట. ఇప్పుడు అతి కొద్ది ఆల్బుమిన్‌ను కూడా పట్టుకునే పరీక్ష ఉంది. క్రియాటినిన్ అంటే కండరాల్లో తయారై కిడ్నీల ద్వారా మూత్రంలోకి పోయే వ్యర్థం. మూత్రంలో దాని ఒక గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాముల ఆల్బుమిన్ పోతోందో ఈ పరీక్ష చెబుతుంది. 30 లోపు ఉంటే మంచిదే. 30 దాటితే కారడం మొదలైనట్టు, 300 దాటితే బాగా ముదిరినట్టు. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారు పడకూడదు. జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, అందుకే మళ్లీ చేయిస్తారు.

రెండోది రక్తంలో క్రియాటినిన్. ‘నార్మల్ అని వచ్చింది’ అని సంబరపడి ఇంటికి వెళ్లేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. కిడ్నీల పని సగం దాకా తగ్గినా ఆ అంకె హద్దులోనే ఉండవచ్చు. దాన్నిబట్టి వయసు కూడా కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ చూడాలి, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో చెప్పే అంచనా. మూడు నెలలకు పైగా అది 60 కన్నా తక్కువ ఉంటే దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. అవ్వకు ఉన్నది టైప్ 2 షుగరు. ఇలాంటివాళ్లకు షుగరు బయటపడినప్పుడే ఈ రెండు పరీక్షలూ చేసి, తర్వాత కనీసం ఏడాదికోసారి చేయాలి. నెలనెలా వేలు గుచ్చుకోవడానికి వెనుకాడని మన ఇళ్లలో మూత్రం డబ్బా పట్టుకెళ్లమంటే మాత్రం ఎక్కడలేని సిగ్గు.

ముందుగా పట్టుకుంటే మందులున్నాయి. అవ్వ బీపీ మాత్ర పేరు చివర ‘సార్టన్’ అని ఉంటుంది, చూడండి. కొందరి మాత్రలకు ‘ప్రిల్’ అని ఉంటుంది. ఇవి బీపీతోపాటు చుట్టల లోపలి ఒత్తిడిని కూడా తగ్గిస్తాయి. 1993లో టైప్ 1 వాళ్లలో, 2001లో టైప్ 2 వాళ్లలో ఇవి కిడ్నీలను కాపాడతాయని పెద్ద పరిశోధనల్లో తేలింది. ‘గ్లిఫ్లోజిన్’ అని ముగిసేవి షుగరుకని వచ్చి కిడ్నీకి కూడా మేలు చేసిన మందులు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం ఇవి వేసుకోవాలో ఆపాలో డాక్టరును అడగాలి.

తిండి దగ్గరే అవ్వతో గొడవ. సంగటి రాగిది కాబట్టి ఎంత తిన్నా పరవాలేదంటుంది. రాగిలో పీచు ఉన్నా పిండిపదార్థమే ఎక్కువ, ముద్ద పెరిగితే షుగరూ పెరుగుతుంది. ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కన్నా తక్కువ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, ఉగ్గానితో బజ్జీ ఒకే పూట కలిశాయంటే ఆ లెక్క గాలికి పోయినట్టే. తక్కువ సోడియం ఉప్పు కొనుక్కురావద్దని మీ నాన్నకు చెప్పండి. అందులో చాలా రకాల్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అది ప్రమాదం.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది మోకాళ్ల నొప్పి మాత్ర. వేరుశనగ చేలో వంగి పనిచేసిన ఆడవాళ్లందరికీ అదే బాధ, మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ చేతిలో పెడతారు. అలాంటివి రోజూ మింగితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. ఎండకు ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో ఇంకా ప్రమాదం.

మరొకటి. ‘ఈ మధ్య షుగరు దానంతట అదే తగ్గింది, ఇన్సులిన్ కూడా తగ్గించాను’ అని ఎవరైనా సంతోషంగా అంటే మీరు మాత్రం కిడ్నీ పరీక్ష చేయించమనండి. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి దెబ్బతింటే అదే మోతాదు ఎక్కువసేపు పనిచేసి, షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

అవ్వ పాత రిపోర్టుల ఫోటోలు మీ నాన్న ఫోనుకు పంపాను. ఆల్బుమిన్ నిష్పత్తి, ఈజీఎఫ్ఆర్ వెతికి, తేదీల వరుసలో నోటుబుక్కులో రాసి నాకు పంపండి. ఏ ఏడాది పరీక్ష లేదో అక్కడ ఖాళీ గడి వదలండి, అవ్వకు చూపించాలి.

మీ తాత