చేతులు మారిన కార్బైడ్, కదలని విషం

భోపాల్ అనగానే 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి లీకైన విషవాయువు గుర్తొస్తుంది. అది లీకైన యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ పక్క బస్తీల బోరు నీళ్లలో తేలిన విషానికి మాత్రం ఆ రాత్రితో సంబంధం లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే బాధ్యుల వేట ఇన్నేళ్లుగా దారి తప్పిందని నా అభిప్రాయం.

అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ భారత విభాగం అక్కడ 1969లో పురుగుమందుల పని మొదలుపెట్టింది. తయారీలో మిగిలిన తారు, పాడైన సరుకు ఆవరణలోనే గుంతల పాలయ్యాయి. 1977లో ఫ్యాక్టరీకి ఉత్తరాన సుమారు 32 ఎకరాల్లో మడుగులు తవ్వారు. అడుగున ప్లాస్టిక్ పరిచి, రసాయనాలు కలిసిన నీటిని ఎండకు ఆవిరి కమ్మని వదిలేశారు. ఆ మడుగులు కారుతున్నాయని 1982లోనే అమెరికా కార్యాలయానికి టెలెక్స్ సందేశం వెళ్లింది. 1989లో కంపెనీ లోలోపల చేయించిన పరీక్షల్లో, ఆవరణలో సేకరించిన నమూనాలలో వదిలిన చేపలు చచ్చిపోయాయి. ఆ సంగతి బస్తీలవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అమెరికా కోర్టులో దావా పడ్డాకే ఆ కాగితాలు బయటికొచ్చాయి.

అదే 1989లో భారత ప్రభుత్వానికి, కార్బైడ్‌కు మధ్య 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అది గ్యాస్ బాధితుల పరిహారానికి కుదిరిన రాజీ. 1994లో కార్బైడ్ భారత విభాగంలోని తన వాటాలు అమ్ముకుంది. ఆ సంస్థ ఎవరెడీ ఇండస్ట్రీస్‌గా పేరు మార్చుకుంది. 1998లో స్థలం మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి తిరిగి చేరింది. 2001లో డౌ కెమికల్ అనే మరో అమెరికా రసాయనాల కంపెనీ అమెరికాలోని అసలు కార్బైడ్‌నే కొనేసింది. ఇక జవాబులు చూడండి. ఫ్యాక్టరీని నడిపింది భారత విభాగమని కార్బైడ్ అంటుంది. మేమెప్పుడూ అక్కడ ఏమీ నడపలేదని డౌ అంటుంది. స్థలం మాత్రం సర్కారుది. అమెరికాలో కార్బైడ్ మీద పడ్డ ఆస్‌బెస్టాస్ కేసుల భారం డౌ ఖాతాల్లోకి వచ్చింది; భోపాల్ మట్టి రాలేదు. శుద్ధి ఖర్చుకు ముందస్తుగా 100 కోట్ల రూపాయలు డౌ చేత జమ చేయించాలని 2005లో కేంద్ర రసాయనాల శాఖ హైకోర్టును కోరింది. ఆ డబ్బు రాలేదు.

ఈలోగా అటల్ అయూబ్ నగర్, అన్నూ నగర్, బ్లూ మూన్ కాలనీ లాంటి చోట్ల జనం ఆ బోరు నీళ్లే తాగారు. తాగడానికి పనికిరావని కొన్ని చేతిపంపులకు ఎర్రరంగు పూశారు. మరో నీటి చుక్క లేని ఇల్లు ఆ రంగు చూసి ఏం చేయగలదు? పైపుల్లో మంచినీళ్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఇళ్లకు నీళ్లు చేరడానికి ఆ తర్వాత ఏళ్లు పట్టింది.

కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లో, రాజస్థాన్‌లోని బిచ్రీ కేసులో ఖాయం చేసింది. భోపాల్‌లో జరిగింది అందుకు తలకిందులు. 2024 డిసెంబరులో హైకోర్టు నాలుగు వారాల గడువు పెట్టాక, 2025 జనవరి 1 రాత్రి 12 కంటైనర్లు 337 టన్నుల ఫ్యాక్టరీ చెత్తతో, దాన్ని కాల్చేయడానికి దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్‌కు బయల్దేరాయి. ఖర్చు 126 కోట్లు, కేంద్ర ఖజానా నుంచి. కాల్చింది హైదరాబాద్‌కు చెందిన రీ సస్టైనబిలిటీ అనుబంధ సంస్థ. మా ఊళ్లో ఎందుకని పీథంపూర్ జనం రోడ్డెక్కారు, ఇద్దరు ఒంటికి నిప్పంటించుకోబోయారు. అంత రభస మధ్య జూన్ నెలాఖరుకు కాల్చడం పూర్తయింది. సున్నం వగైరా కలపడంతో, తూకంలో అసలు చెత్త కంటే బూడిదే ఎక్కువ తేలింది.

అయినా ఆ 337 టన్నులు గోదాములో మూటగట్టి ఉంచినవి మాత్రమే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ శుద్ధి చేయాల్సిన మట్టి సుమారు 11 లక్షల టన్నులు. దాని జోలికి, కింది భూగర్భజలం జోలికి పీథంపూర్‌లో చెత్త కాల్చిన పని పోలేదు.